రికార్డుకెక్కిన భావగీతం

భావకవిత్వం 1930ల చివరికి వెనకబడిందని సాహిత్య చరిత్రలు చెబుతాయి. అది గ్రామఫోను రికార్డెక్కి మరికొంత కాలం బతికిన సంగతి మాత్రం మన విమర్శకు పట్టలేదు. 1940ల ప్రాంతంలో సాలూరు రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన ప్రైవేటు గీతాలు సినిమా కథతో నిమిత్తం లేని ప్రణయగీతాలు.

రాజేశ్వరరావు యౌవనారంభంలో కలకత్తాలో సైగల్, పంకజ్ మల్లిక్‌ల సంగీతాన్ని దగ్గరగా విన్నారు. వాద్యబృందం గొంతును అనుసరించి ఊరుకోక భావాన్ని కూడా పలికించే పద్ధతి అది. 78 రికార్డుకు ఒకవైపు సుమారు మూడు నిమిషాలే. ఆలాపనకు, నెరవుకు చోటు లేదు. మైకు రావటంతో నాటకాల్లోలాగా గొంతెత్తవలసిన పనీ తప్పింది. పాట చెవిలో చెప్పినంత దగ్గరికి వచ్చింది. రాధాకృష్ణుల పేర్లున్న చోట కూడా వినిపించేది ఇద్దరు మనుషుల అలకే. జావళి నాయికకు లేని చనువు ఈ స్త్రీ గొంతులో ఉంది.

దీన్ని పలాయనవాదమని ఒక్కమాటతో కొట్టివేయటం నాకు సమ్మతం కాదు. (మనవాళ్లకు ఆ మాట మరీ తేలిక.) అడగవలసిన ప్రశ్న వేరు. ఏ పాట రికార్డుకెక్కాలో నిర్ణయించింది ఎవరు? కొనగలిగినవాడు. నిజాం ఏలుబడిలోని మా గంభీరావుపేట వంటి ఊళ్లో ఆ మూడు నిమిషాల ప్రణయం వినబడాలంటే ముందు గ్రామఫోను ఉన్న ఇల్లు కావాలి. అదే దశాబ్దంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలు నోటినుంచి నోటికి నడిచాయి. వాటికి స్టూడియో లేదు, వాద్యబృందం లేదు. యాదగిరి పాట ‘మాభూమి’ (1979)లో గద్దర్ గొంతెక్కటానికి మూడు దశాబ్దాలు పట్టింది.