పందెంలో షరతు, తీర్పరి: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సాధారణ పందెంలో ప్రశ్న ఒక్కటే: ఎవరు గెలుస్తారు? ఒక ఫలితం మీద మరొక పణం గాని, గడువుతో కూడిన బాధ్యత గాని ఆధారపడినప్పుడు అది షరతు పందెం అవుతుంది. అక్కడ ఆట ముగిసినా లెక్క ముగియదు. షరతు నెరవేరిందో లేదో వేరుగా తేలాలి. దానిని తేల్చే అధికారం ఎవరిదన్నదే ఇటువంటి పందేలన్నింటా కనిపించే మూల వివాదం. భారత కథలోని అనుద్యూతం, పల్నాటి కోడిపోరు, ఆధునిక గుర్రప్పందేలు, కాంట్రాక్టు చట్టం అనే నాలుగు సందర్భాలలో దీనిని పరిశీలించవచ్చు.

అనుద్యూతం: గడువు లెక్క

మహాభారత సభాపర్వంలో రెండవసారి జరిగిన జూదంలో పణం ధనం కాదు, కాలం. ఓడినవారు పన్నెండేళ్లు వనవాసం, పదమూడవ ఏట అజ్ఞాతవాసం చేయాలి. ఆ ఏడాదిలో గుర్తింపబడితే మళ్లీ పన్నెండేళ్లు అడవిలో గడపాలి. గడువు సక్రమంగా ముగిస్తే రాజ్యం తిరిగి దక్కుతుంది. ఒక షరతులో మరొక షరతు ఇమిడి ఉన్న పందెమిది. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణ సమయాన అర్జునుడు బయటపడగానే గడువు తీరిందా అన్న సందేహం తలెత్తింది. ఐదేళ్లకు రెండు అధికమాసాలు వస్తాయని, ఆ లెక్కన గడువు నిండిందని భీష్ముడు నిర్ణయించాడు. పందెం వేసిననాడు ‘సంవత్సరం’ అంటే ఏ మానమో ఎవరూ తేల్చుకోలేదు. తీర్పు వచ్చినా దానిని అమలుపరచే శక్తి తీర్పరికి లేదు. దుర్యోధనుడు రాజ్యం ఇవ్వలేదు.

పల్నాటి కోడిపోరు: అమలు

12వ శతాబ్ది ఉత్తరార్ధానికి చెందినదిగా భావించే పల్నాటి గాథ, శ్రీనాథుని పేర నిలిచిన ద్విపద ద్వారానూ వీరవిద్యావంతుల గానం ద్వారానూ మనకు అందింది. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు కోడిపందానికి దిగారు. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. మాచర్లవారు ఓడి వలస వెళ్లారు. గడువు తీరిన తర్వాత తమ భాగం కోరుతూ అలరాజును రాయబారిగా పంపితే, నలగామరాజు పక్షం అంగీకరించలేదు. అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. చివరకు కారెంపూడి రణరంగమే తీర్పు చెప్పింది. ఇక్కడ గడువు లెక్కలో చిక్కు లేదు. షరతును అమలుచేయవలసినవాడే ప్రతిపక్షి కావడం చిక్కు.

గుర్రప్పందేలు: గొలుసు పణం

ఆధునిక పందెంలో షరతు అంకెల రూపం దాల్చింది. ‘డబుల్’లో మొదటి రేసులో వచ్చిన మొత్తమంతా రెండవ రేసుకు పణమవుతుంది. ‘ట్రెబుల్’లో ఈ గొలుసు మూడు రేసులకు సాగుతుంది. రూ.100 పణానికి అసలుతో కలిపి మొదటి గుర్రంపై మూడింతలు, రెండవదానిపై రెండింతలు వస్తాయనుకుంటే, రెండూ గెలిచినప్పుడు రూ.600 దక్కుతాయి. ఒక్కటి ఓడినా ఏమీ మిగలదు. ‘ఇఫ్ బెట్’ తీరు వేరు. మొదటిది గెలిస్తేనే రెండవ పందెం అమలులోకి వస్తుంది గాని, అందులోకి మారేది మొదటి రూ.100 మాత్రమే. రెండూ గెలిస్తే రూ.400, రెండవది ఓడితే రూ.200 మిగులుతాయి.

గొలుసు పొడవు పెరిగేకొద్దీ బుకీ లాభం కూడా పెరుగుతుంది. ప్రతి పందెంలో సగటున నూటికి రూ.95 తిరిగి వచ్చేలా ధర నిర్ణయించారనుకుంటే, నాలుగు కలిపిన గొలుసులో సగటున తిరిగి వచ్చేది సుమారు రూ.81 మాత్రమే. ఇక మొదటి పోటీ రద్దయితే రెండవ పందెం నిలుస్తుందా? ‘గెలిస్తేనే’ అన్న షరతుకూ, ‘ఓడకపోతే చాలు’ అన్న షరతుకూ సమాధానాలు వేరు. అధికమాసాల సందేహానికి ఇది నేటి రూపం. నాడు భీష్ముడు తీర్పరి. నేడు ఆ సమాధానం పందెం కట్టించుకునే సంస్థ ముందే రాసుకున్న నిబంధనలలో ఉంటుంది.

చట్టం: ఒకే వాక్యం, రెండు ఫలితాలు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 31వ సెక్షన్ షరతుపై ఆధారపడిన ఒప్పందాన్ని నిర్వచించింది. ఇల్లు కాలితే సొమ్ము చెల్లిస్తాననే వాగ్దానాన్ని ఉదాహరణగా చూపింది. దాని ముందున్న 30వ సెక్షన్ పందెపు ఒప్పందాలు చెల్లవని, గెలిచిన సొమ్ము కోసం దావా వేయరాదని చెప్పింది. రూ.500, అంతకు మించిన గుర్రప్పందెపు బహుమతికి ఇచ్చే చందాలను మాత్రం మినహాయించింది. ‘ఇది జరిగితే అది ఇస్తాను’ అన్న వాక్య నిర్మాణం రెండింటికీ సమానమే. పందెంలో సంఘటన ఫలితం మీద పణం తప్ప ఉభయులకూ వేరే ప్రయోజనం లేకపోవడమే భేదం. ఘేరూలాల్ పరఖ్ కేసులో 1959లో సుప్రీంకోర్టు పందెం చెల్లనిదే గాని, ఆ చట్టం దృష్టిలో దాని ఉద్దేశం చట్టవిరుద్ధం కాదని తేల్చింది. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంకా ముందుకు వెళ్లాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధ పరిధిలోకి తెచ్చాయి.

ముగింపు

హస్తినలో తీర్పరికి బలం లేదు. పల్నాట తీర్పరే లేడు. నేటి పందెంలో నిబంధన రాసేదీ, ఫలితం తేల్చేదీ, లాభం పొందేదీ తరచు ఒకే పక్షం. న్యాయస్థానం దావా స్వీకరించని చోట ఓడినవాడికే కాదు, గెలిచినవాడికి కూడా ఆశ్రయం ఉండదు. కనుక షరతు పందేలను అధ్యయనం చేసేటప్పుడు గెలుపోటముల సంభావ్యతతోపాటు తీర్పు అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా పరిశీలించవలసి ఉంటుంది.