ద్విధావ్యక్తిత్వము, పొరుగుభాష: ఒక చలనచిత్రకథాపరిణామము

చలనచిత్రకథలు భాషనుండి భాషకు వలసపోవుట క్రొత్త కాదు. అట్లు పోవునపుడు పేర్లును, వేషములును మారును. ఒక కథ విషయమున మాత్రము పాత్ర పలుకు భాష మారిన తీరే చరిత్రకారునకు ముఖ్యమని మేము తలచుచున్నాము.

1993లో మధు ముట్టం రచనతో, ఫాజిల్ దర్శకత్వమున 'మణిచిత్రతాళు' అను మలయాళచిత్రము వెలువడెను. భర్తతో అతని పూర్వుల పాతమేడకు వచ్చిన గంగ, ఆ యింట హతురాలైన నాగవల్లి యను నర్తకి కథ విని, క్రమముగా తానే నాగవల్లియై ప్రవర్తించును. ఇంటివారు దయ్యమని భయపడగా, మానసికవైద్యుడు సన్నీ దానిని ద్విధావ్యక్తిత్వమని నిర్ణయించి, ఆమె బాల్యవేదనలో దాని మూలమును కనుగొనును. ఈ పాత్రకు శోభన ఉత్తమనటిగా జాతీయపురస్కారము నందెను.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. గంగ మలయాళము పలుకును. నాగవల్లి తంజావూరునుండి తేబడినది గావున తమిళము పలుకును. రెండవ వ్యక్తి రాకను ప్రేక్షకునకు స్పష్టముగా తెలుపునది భాషయే. ఈ కథనే పి. వాసు 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర'గను, 2005లో తమిళమున 'చంద్రముఖి'గను తీయగా, నర్తకి తెలుగుది యయ్యెను. ఆమె నర్తించు పాటయు తెలుగుననే యున్నది. 2007లో ప్రియదర్శన్ తీసిన హిందీచిత్రము 'భూల్ భులయ్యా'లో నర్తకి వంగభాష పలికెను.

కన్నడ తమిళములు తెలుగునే యేల కైకొనెను? ఇది వ్యాపారచాతుర్యమే యని కొంద రనవచ్చును. కాని తంజావూరు నాయకరాజుల కాలమునను, తరువాత మరాఠారాజుల కాలమునను, తెలుగు ఆ యాస్థానమున సంగీతనాట్యములకు భాషగా వెలసెను. క్షేత్రయ్య పదములను తమిళదేశపు నర్తకులు నేటికిని అభినయించుచున్నారు. కావున నర్తకి తెలుగు పలుకుట దక్షిణదేశమున అసహజముగా తోపదు.

అయినను, ఇది మన భాషకు గౌరవమని పొంగుటకు ముందు ఒకటి యోచింపవలెను. ఈ కథలో పొరుగుభాష పలుకునది ఆ యింట చోటు దొరకని స్త్రీ. చంపబడి, దయ్యమని పేరుపడినది. భాష యిచట రోగలక్షణము కాదు, పరాయితనమునకు కథకులు పెట్టిన గుర్తు. బహువ్యక్తిత్వమను పాతపేరును అమెరికా మానసికవైద్యసంఘము 1994లో విడిచినది. ఆ రుగ్మతకు చికిత్స దీర్ఘకాలికము. ఒక్క రాత్రి తంత్రముతో నయమగుట కథాధర్మము మాత్రమే.

నర్తకి నోట మన పలుకు విని సంతోషింతము. దానితోపాటు, మన చిత్రములలో పొరుగువారి భాషలు ఎట్టి పాత్రల నోట వినబడుచున్నవో పరిశోధకవిద్యార్థులు పరిశీలింతురు గాక.