నారుమడిలో ర్యాంకులు

తెలుగు ఇళ్లలో ర్యాంకు అంటే ఏంటో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. 1986లో ఎంసెట్ మొదలైన దగ్గర్నించి పిల్లలు ఆ అంకెతోనే బంధువులకి పరిచయమవుతూ వచ్చారు. నాకూ ఒకటుంది. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయినా పెళ్లిళ్లలో ఎవరో ఒకరు దాన్ని గుర్తుచేస్తూనే ఉంటారు. అయితే అది అయిపోయిన పరీక్షకి వచ్చిన ర్యాంకు. రాశాం, దిద్దారు, అంకె వేశారు. అసలు ఇంకా రాయని పరీక్షకి ముందే ర్యాంకు ఇచ్చేస్తే? పదహారేళ్ల కుర్రాణ్ణి చూసి, ఇరవయ్యారేళ్లకి వీడు ఎంతటివాడవుతాడో ఇప్పుడే ఊహించి వరసలో నిలబెడితే?

ఆటల్లో ఈ పని చేసి బతికేవాళ్లున్నారు. ఆ పనికి ఒక పద్ధతి ఏర్పడింది అమెరికా బేస్‌బాల్‌లో. మన హైదరాబాద్ క్రికెట్‌ని ఆ చరిత్ర పక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు కొత్తగా కనిపిస్తాయి.

1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకి పేరున్న ఆటగాళ్లని కొనేంత డబ్బు లేదు. జట్టు వ్యవహారాలు చూసే బ్రాంచ్ రికీ వేరే దారి పట్టాడు. చిన్న ఊళ్లలో ఆడే మైనర్ లీగ్ జట్లని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, అక్కడ కుర్రాళ్లని పెంచి, తయారైనవాళ్లని పైకి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. దీన్నే ఫార్మ్ సిస్టమ్ అన్నారు. మనం నారుమడి అనుకోవచ్చు. 1930ల చివరికి కార్డినల్స్ కింద ముప్ఫైకి పైగా జట్లుండేవి.

వందల మంది కుర్రాళ్లుంటే ఎవరు ముందు, ఎవరు వెనక అనే లెక్క తప్పదు. కొట్టడం, విసరడం, పరిగెత్తడం, ఒక్కో విద్యకీ స్కౌట్లు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 వస్తే మేజర్ లీగ్ సగటు ఆటగాడి స్థాయి. 1981లో మొదలైన ‘బేస్‌బాల్ అమెరికా’ పత్రిక 1990 నుంచి ఏటా దేశం మొత్తమ్మీద వందమంది కుర్రాళ్లకి ర్యాంకులిస్తూ వస్తోంది.

1992 జాబితాలో మొదటి పేరు బ్రియెన్ టేలర్. అంతకు ముందు ఏడు న్యూయార్క్ యాంకీస్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంచుకున్న కుర్రాడు. 1993 డిసెంబర్‌లో ఒక కొట్లాటలో భుజం దెబ్బతింది. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మైక్ పియాజా సంగతి దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 1988 డ్రాఫ్ట్‌లో 62వ రౌండ్‌లో, 1390వ ఆటగాడిగా తీసుకున్నారు. అదీ వాళ్ల నాన్న స్నేహితుడైన డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా మాట మీద. 2016లో పియాజా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇవి చూసి జాబితాలన్నీ వట్టివే అనెయ్యడం తేలిక. కానీ అది నిజం కాదు. మొత్తమ్మీద చూస్తే పై ర్యాంకులవాళ్లే ఎక్కువమంది పైకొస్తారు. నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకో విషయం. 1390వ వాడికి కూడా ఆ వ్యవస్థలో ఆడుకోవడానికి ఒక మడి దొరికింది. జీతం తక్కువే అయినా మూణ్ణాలుగేళ్లు రోజూ ఆడాడు, ర్యాంకు తప్పని చూపించాడు. అలాగని ఆ మడి అందరిదీ కాదు. నల్లజాతి ఆటగాళ్లకి దశాబ్దాలపాటు అందులో అడుగుపెట్టే వీలే లేదు. 1945లో డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్‌తో సంతకం చేయించినవాడు కూడా ఈ రికీయే. అంతకు ముందు ఎంత గొప్ప స్కౌట్ తయారుచేసిన వరసైనా, కంచె లోపల ఉన్నవాళ్ల వరసే.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. మా చిల్కానగర్‌ వాళ్లకి క్రికెట్ అంటే పక్కనే ఉన్న ఉప్పల్ స్టేడియం. మ్యాచ్ రోజు ట్రాఫిక్, ఫ్లడ్‌లైట్లు, సిక్స్ పడితే వినిపించే హోరు. అక్కడ మొదటి అంతర్జాతీయ వన్డే జరిగింది 2005 నవంబర్‌లోనే. కానీ హైదరాబాద్ నారుమడి దానికంటే చాలా పాతది. 1930లలోనే మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఉంది. 1937-38లో రంజీ ట్రోఫీ గెలిచాం. ఇప్పుడైతే మెట్లు స్పష్టంగా ఉన్నాయి: అండర్-16కి విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19కి కూచ్‌బెహార్ ట్రోఫీ, అండర్-23కి సీకే నాయుడు ట్రోఫీ, ఆ పైన రంజీ. మన దగ్గర కుర్రాళ్లకి ర్యాంకులు అచ్చెయ్యరు. జట్టు ప్రకటించినప్పుడు అందులో పేరుందా లేదా, అదే మన ర్యాంకు.

ఆ మెట్లన్నీ ఎక్కి, పరీక్ష బ్రహ్మాండంగా రాసి, సీటు రానివాళ్లు మనకి ఉన్నారు. హైదరాబాద్ రెండోసారి రంజీ గెలిచింది 1986-87లో. ఆ సీజన్‌లోనే అబ్దుల్ అజీమ్ తమిళనాడు మీద 303 నాటౌట్ కొట్టాడు. 1994లో సికింద్రాబాద్ జింఖానాలో ఆంధ్ర మీద ఎం.వి. శ్రీధర్ 366 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ 6 వికెట్లకి 944 చేసి డిక్లేర్ చేసింది. రంజీలో ఇప్పటికీ అదే అతి పెద్ద స్కోరు. ఈ ఇద్దరిలో ఒక్కరూ భారత జట్టుకి ఆడలేదు.

ఇంతకు ముందు చెప్పిన టేలర్, పియాజాల్లాంటి జంట మనకీ ఉంది. అంబటి రాయుడు, మహ్మద్ సిరాజ్.

రాయుడు పదహారేళ్లకే రంజీ ఆడాడు. 2002లో అండర్-19 జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి ఒక వన్డేలో 177 నాటౌట్ కొట్టాడు. అదే ఏడాది నవంబర్‌లో, పదిహేడేళ్ల వయసులో, ఆంధ్ర మీద ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత కెప్టెన్ అతనే. అతని కింద ఆడినవాళ్లు శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్. ఆ రోజుల్లో దేశం మొత్తమ్మీద కుర్రాళ్ల జాబితా ఎవరు రాసినా రాయుడి పేరు పైవరసలోనే ఉండేది. కార్తీక్ అదే ఏడాది భారత వన్డే జట్టులోకి వెళ్లాడు, రైనా మరుసటి ఏడాది. కెప్టెన్ మాత్రం హైదరాబాద్ నుంచి ఆంధ్రకి, మళ్లీ హైదరాబాద్‌కి, 2007లో బీసీసీఐ గుర్తింపు లేని ఐసీఎల్‌కి తిరిగాడు. 2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టాక వెనక్కొచ్చి బరోడాకి ఆడాడు. మొదటి వన్డే ఆడింది 2013 జులైలో, ఇరవయ్యేడేళ్లకి. 55 వన్డేల్లో 47 సగటు. టెస్టు ఒక్కటీ లేదు. అతని ఆటని జాబితా సరిగానే అంచనా వేసింది. మధ్యలో జరిగే జీవితాన్ని మాత్రం ఏ జాబితా అంచనా వెయ్యగలదు?

సిరాజ్ 1994లో పుట్టాడు. నాన్న ఆటో నడిపేవారు. టెన్నిస్ బంతితో బస్తీ క్రికెట్ ఆడుతూ పెరిగాడు. అండర్-16, అండర్-19 మెట్ల మీద పేరు తెచ్చుకుని వచ్చినవాడు కాదు. క్లబ్ క్రికెట్‌లోకే ఆలస్యంగా వచ్చాడు. 2015 నవంబర్‌లో ఇరవయ్యొక్కేళ్లకి మొదటి రంజీ మ్యాచ్. మరుసటి సీజన్‌లో 41 వికెట్లు. 2017 ఐపీఎల్ వేలంలో 20 లక్షల దగ్గర మొదలై 2 కోట్ల 60 లక్షలకి సన్‌రైజర్స్‌కి వెళ్లాడు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకి 6 వికెట్లు, శ్రీలంక 50కి ఆలౌట్. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు భారత్ 6 పరుగులతో గెలిచినప్పుడు చివరి వికెట్ అతనిదే.

సిరాజ్ కథని సినిమాలా చెప్పుకోవడం మనకి ఇష్టం. పేదరికం, పట్టుదల, గెలుపు. కానీ చరిత్రగా చూస్తే అందులో భయపెట్టే అంశం ఒకటుంది. పియాజాని ఒక వ్యవస్థ, అయిష్టంగానే అయినా, లోపల ఉంచుకుంది. సిరాజ్‌ని ఇరవయ్యొకటి దాకా నిలబెట్టింది వ్యవస్థ కాదు, వాళ్ల ఇల్లు. నాన్న తోలిన ఆటో. తిలక్ వర్మ విషయంలోనూ అంతే. అతను 2020 అండర్-19 ప్రపంచకప్ ఆడి, 2022 వేలంలో కోటీ 70 లక్షలకి ముంబయికి వెళ్లాడు. మెట్లు సవ్యంగా పనిచేసిన కేసు అనిపిస్తుంది. కానీ ఇంట్లో స్తోమత లేనప్పుడు కిట్టు ఖర్చు దగ్గర్నించి చూసుకున్నది కోచ్ సలాం బాయష్. ఆటో లేనివాడు, అలాంటి కోచ్ దొరకనివాడు ఎంతమంది? వాళ్ల లెక్క ఏ స్కోర్‌బుక్‌లోనూ ఉండదు.

మన దగ్గర అండర్-16 జట్టు ఎంచే వయసూ, ఇంటర్‌లో చేర్చే వయసూ ఒకటే. ఎంపీసీనా, క్రికెట్టా? అప్పుడు ప్రకటించే ఆ పదిహేను పేర్లు కోచ్‌లకి కేవలం ఒక సీజన్ జట్టు. ఇంట్లోవాళ్లకి అదే తీర్పు. పేరు లేకపోతే కిట్టు అటకెక్కుతుంది, కుర్రాడు కోచింగ్ బస్సెక్కుతాడు. నాలుగేళ్ల తర్వాత వాడి భుజం బలపడేదో, వేగం పెరిగేదో ఇక తెలియదు. బేస్‌బాల్‌లో ర్యాంకు ప్రతి ఏడూ మారుతుంది, ఎందుకంటే కింద ఉన్నవాడు కూడా ఇంకా ఆడుతూనే ఉంటాడు. మన దగ్గర మొదటి ర్యాంకే చాలామందికి చివరిది.

అందుకే ఎవరిని ఎంచారు, ఎవరికి అన్యాయం జరిగింది అని ప్రతిసారీ జరిగే గొడవ కన్నా నాకు వేరే ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. ఎంపిక కానివాడు ఆ మర్నాటి నుంచి ఐదేళ్లపాటు ఎక్కడ ఆడతాడు, ఎవరి ఖర్చుతో? చిల్కానగర్‌లో ఖాళీ ప్లాట్లు అపార్ట్‌మెంట్లయిపోయాయి. నాచారం వైపూ అంతే. అంత పెద్ద స్టేడియం కూతవేటు దూరంలో ఉన్నా, ఇక్కడి కుర్రాళ్లు ఆదివారం పూట బాక్స్ క్రికెట్‌కి గంటకింతని తలా కొంత వేసుకుని ఆడుతున్నారు. వాళ్లలో ఇరవయ్యేళ్లకి వేగం పుంజుకునే బౌలర్ ఎవరైనా ఉంటే, వాణ్ణి చూడ్డానికి అక్కడికి ఏ సెలెక్టరూ రాడు.