పిరమిడ్డులను గట్టిన చేతులు



ఈజిప్టు దేశమున నైలు నదికి పడమటి దిక్కున, ఎడారి యంచున, గీజా యను చోట కొండలవంటి మూడు రాతి కట్టడములు గలవు. వానిలో పెద్దది ఖుఫూ యను రాజునకు సమాధిగా సుమారు 4,600 ఏండ్ల క్రిందట కట్టబడినది. దాని యడుగున ఒక్కొక్క ప్రక్క 756 అడుగుల పొడవు. కట్టిననాటి యెత్తు 481 అడుగులు. అందలి రాళ్లు దాదాపు 23 లక్షలనియు, ఒక్కొక్కటి సగటున రెండున్నర టన్నుల బరువనియు పండితులు లెక్కగట్టిరి.

ఇంతటి పనిని జూచినపుడు మనుష్యుని యూహ రెండు పెడత్రోవలు త్రొక్కును. ఇది మనుష్యమాత్రులవలన గాదనుట మొదటిది. పెద్ద గుడిని జూపి, దేవతలు ఒక్క రాత్రిలో గట్టిరని చెప్పుకొనుట మనయందును గలదు గదా! పిరమిడ్డులను అన్యగ్రహములనుండి వచ్చినవారు గట్టిరనువారు నేటికిని గలరు. కొరడాదెబ్బలు తినుచు బానిసలు గట్టిరనుట రెండవది. గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు క్రీ. పూ. 5వ శతాబ్దమున, ఖుఫూ ప్రజలను నిర్బంధించి లక్షమంది చొప్పున మూడేసి నెలల వంతులతో ఇరువది యేండ్లు పని చేయించెనని వ్రాసెను. ఆయన నాటికే ఆ కట్టడము పుట్టి రెండువేల యేండ్లు దాటినది. ఆ మాటకు తరువాతివారు బానిసల కథను జోడించిరి. ఈ రెండు మాటలును గట్టినవారికి న్యాయము చేయునవి కావు. మొదటిది వారి బుద్ధిని, రెండవది వారి నేర్పును మఱుగుపఱచును.

ముందుగా బుద్ధిని గూర్చి విన్నవించెదను. పిరమిడ్డు ఒక్కనాడు పుట్టినది కాదు. పూర్వము రాజుల సమాధులు మట్టియిటుకలతో గట్టిన పెద్ద అరుగులవలె నుండెడివి. జోసెరు అను రాజునకు ఇమ్‌హోటెపు అను స్థపతి సక్కారా యందు రాతితో ఆఱు అరుగులను ఒకదానిపై నొకటి తగ్గించుచు పేర్చెను. అదియే మెట్ల పిరమిడ్డు. పిమ్మట ఖుఫూ తండ్రియగు స్నెఫ్రు కాలమున మెయిడూములో మెట్ల నడుమ సందులు పూడ్చి నునుపైన ప్రక్కలు తీర్చిరి. దాని పై పొర జాఱి కూలినది. నేడు రాళ్లకుప్ప నడుమ బురుజువలె నిలిచియున్నది. దహషూరులో మఱియొకటి 54 అంశల వాలున ఆరంభించిరి. నేల క్రుంగి లోపలి గదులు బీటలువాఱగా, పని సగములో నుండగనే వాలును 43 అంశలకు తగ్గించిరి. అందుచేత అది నేటికిని నడుము వంగినట్లు కనబడును. ఆ పాఠము నేర్చి, దాని సమీపముననే ఇంకొకటి మొదటినుండియు 43 అంశలతో గట్టిరి. అది చక్కగా నిలిచినది. ఇంత నేర్చినపిదపనే ఖుఫూ కట్టడము లేచినది. దేవతలకైనచో ఇన్నిమారులు దిద్దుకొన నేల?

ఇక వారి కొలత వినుడు. మన మూరకు 24 అంగుళములు. వారి రాజమూరకు 28. నాలుగు వ్రేళ్లు ఒక బెత్తెడు గనుక వారి మూర ఏడు బెత్తెలు. ఖుఫూ పిరమిడ్డు యెత్తు 280 మూరలు. అడుగున ఒక్కొక్క ప్రక్క 440 మూరలు, అందు సగము 220. దానిని ఏడింట హెచ్చించి 280చే భాగించినచో అయిదున్నర వచ్చును. అనగా మూరెడు పైకి లేచినప్పుడెల్ల అయిదున్నర బెత్తెలు లోనికి జరుగవలెను. ఈ యొక్క సూత్రము తెలిసిన మేస్త్రీ ఏ వరుసనైనను తప్పక పేర్చగలడు. ఇట్టి లెక్కలను క్రీ. పూ. 1550 ప్రాంతమున అహ్మెసు అను లేఖకుడు వ్రాసిన పత్రములో నేటికిని చదువవచ్చును. దిక్సూచి లేని కాలమున వారు ఆ కట్టడమును ఉత్తర దిశకు నిలిపిరి. అందు తేడా అంశలో పదునైదవ వంతు మాత్రమే.

రాళ్లను తెచ్చుట యెట్లు? లోపలి సున్నపురాయి చాలవఱకు గీజాయందే తొలిచినది. పైపొరకు వలయు తెల్లని రాయి నది కావలనున్న తురా గనులనుండి వచ్చినది. లోపలి రాజగదికి వలయు గ్రానైటును ఐదువందల మైళ్ల యెగువనున్న అస్వాను నుండి పడవలపై దింపిరి. వారికి ఇనుప పనిముట్లు లేవు. రాగి ఉలులును, గట్టిరాతి గుండ్లును గలవు. నేలపై రాతిని కఱ్ఱచట్టముపై నుంచి త్రాళ్లతో లాగెడివారు. క్రీ. పూ. 1900 ప్రాంతపు సమాధి గోడపై, గొప్ప విగ్రహమును లాగుచుండగా చట్టమునకు ముందు ఒకడు నీరు పోయుచున్న చిత్రము గలదు. ఇసుక తగుమాత్రము తడిసినచో లాగుబలము సగముతో సరిపోవునని 2014లో హాలెండు శాస్త్రజ్ఞులు ప్రయోగముచేసి చూపిరి. 2018లో హత్నుబు రాతిగనిలో ఖుఫూ కాలపు వాలుబాట యొకటి బయటపడినది. దానికి ఇరుప్రక్కల మెట్లును, త్రాళ్లు చుట్టు గుంజలకు గుంటలును గలవు.

ఖుఫూ ఏలినది 27 ఏండ్లని లెక్కగొని చూడుడు. దినమునకు పదిగంటల చొప్పున, సెలవన్నది లేక, రెండున్నర నిమిషముల కొక రాయి చొప్పున అమర్చిననే గాని పని ముగియదు. కొరడా ఒక్కటియే యిట్టి క్రమమును నిలుపజాలదు. తిండి, పనిముట్లు, పడవలు, వరద వచ్చు కాలము, మనుష్యుల వంతులు, అన్నియు లెక్కలో నుండవలెను.

ఆ లెక్కలే మనకు దొరకినవి. పిరమిడ్డుల చెంత పనివారి యూరిని త్రవ్వగా రొట్టెలు కాల్చు వంటశాలలును, గొడ్లు, గొఱ్ఱెలు, మేకల యెముకలును కనబడినవి. 1990లో పనివారి సమాధులు బయటపడినవి. బానిసలకు రాజు సమాధి చెంత సమాధులు గట్టుదురా? అందలి యస్థిపంజరములలో విఱిగి చక్కగా అతుకుకొన్న చేతులు గలవు. అనగా వైద్యము జరిగినది. కాని బరువులకు అరిగిన వెన్నుపూసలును గలవు. కావున అది ఉత్సవము కాదు. రాజాజ్ఞపై వచ్చిన వంతుపని యందఱికిని ఇష్టమై యుండదు. వెట్టి ఎఱిగిన మనకు అది తెలియనిది కాదు. ఐనను వారు పేరును, జట్టును, తిండియు గలవారు. రాజగదిపై నెవరును చూడని యఱలలో, తమ జట్టు ‘ఖుఫూ మిత్రులు’ అని ఎఱ్ఱరంగుతో వ్రాసికొనిరి.

2013లో ఎఱ్ఱసముద్రపు టొడ్డున ఫ్రెంచి పండితుడు పియెర్ తాలే బృందమునకు దొరకిన పత్రములు మఱింత విలువైనవి. అవి ప్రపంచమున దొరకిన వ్రాతగల పపైరసులలో మిక్కిలి పురాతనములు. అందు మెరెరు అను జట్టునాయకుని దినచర్య గలదు. ఆతని చేతిక్రింద దాదాపు నలువదిమంది. ఏనాడు తురాలో రాయి యెత్తించినది, ఏనాడు గీజా చేరినది, రాత్రి ఎచట నిలిచినది, అన్నియు తారీఖులతో వ్రాసినాడు.

ఖుఫూదని నిశ్చయముగా దెలిసిన సంపూర్ణ విగ్రహము ఒక్కటే దొరకినది. అది మూడంగుళముల దంతపు బొమ్మ. అంత కొండను గట్టించినవాని రూపము అఱచేతిలో నిముడును. రాతిని మోయించిన మెరెరు మాత్రము తన దినములను తానే చెప్పుచున్నాడు. మన చెఱువుకట్టలపై నడచునపుడును, గుడిగోపురముల జూచునపుడును, గట్టించినదెవరని యడుగుదుము. రాయి మోసినదెవరు, వారికి కూడు పెట్టినదెవరు అని కూడ నడుగుడు. చరిత్రలో సగము ఆ ప్రశ్నకు సమాధానముననే గలదు.