రాస్ప్‌బెర్రీ పైతో స్వంత క్లౌడ్ నిల్వ

స్వంత క్లౌడ్ నిల్వ అనగా ఒక వ్యక్తి గాని, కుటుంబం గాని తమ ఫైళ్ళను, ఛాయాచిత్రాలను ఏదో ఒక సంస్థకు చెందిన సర్వర్లలో గాక, తమ ఇంటిలోనే ఉన్న సర్వరులో భద్రపరచుకొని అంతర్జాలం ద్వారా ఎక్కడినుండైనా వాడుకొనే ఏర్పాటు. ఇందుకు పెద్ద కంప్యూటరు అవసరం లేదు. ప్రాసెసరు, మెమరీ మొదలైన భాగాలన్నీ ఒకే బోర్డు మీద అమర్చిన సింగిల్ బోర్డు కంప్యూటరు చాలు. ఈ తరగతిలో బహుళ ప్రచారం పొందినది రాస్ప్‌బెర్రీ పై. దీనిపై నెక్స్ట్‌క్లౌడ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును స్థాపించి క్లౌడ్ సర్వరును నిర్మించే పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

రాస్ప్‌బెర్రీ పై మొదటి నమూనా 2012 ఫిబ్రవరి 29న విడుదలైంది. విద్యార్థులకు కంప్యూటరు శాస్త్రాన్ని తక్కువ ఖర్చుతో నేర్పాలన్న ఆశయంతో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో దీనికి రూపకల్పన జరిగింది. 2019లో వచ్చిన నాలుగవ తరం బోర్డులో యూఎస్‌బీ 3 పోర్టులు, పూర్తి వేగంతో పనిచేసే గిగాబిట్ ఈథర్నెట్ చేరాయి. అంతకు ముందరి బోర్డులలో నెట్‌వర్కు, డిస్కు రెండూ ఒకే యూఎస్‌బీ 2 మార్గాన్ని పంచుకొనేవి. అందువలన ఫైళ్ళ సర్వరుగా అవి మందకొడిగా ఉండేవి. ఐదవ తరం బోర్డు 2023లో వచ్చింది.

ఫ్రాంక్ కార్లిచెక్ 2010లో ఓన్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేరును ప్రారంభించాడు. 2016 జూన్‌లో అతడే సహచరులతో కలిసి దాని నుండి నెక్స్ట్‌క్లౌడ్ అనే శాఖను మొదలుపెట్టాడు. దీని మూలరచన అందరికీ అందుబాటులో ఉంటుంది.

స్వంత నిల్వపై ఆసక్తికి ముఖ్య కారణం సంస్థల సేవలపై వాడుకరికి అదుపు లేకపోవడమే. ఉబుంటు వన్ ఫైళ్ళ సేవ 2014లో మూతపడింది. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. అయితే స్వంత సర్వరులో స్వేచ్ఛతో పాటు బాధ్యత కూడా పూర్తిగా యజమానిదే. ఫైళ్ళు పోతే తెచ్చి ఇచ్చేవారు ఎవరూ ఉండరు.

కావలసిన సామగ్రి

* రాస్ప్‌బెర్రీ పై 4 లేదా 5. కుటుంబ అవసరాలకు 4 జీబీ మెమరీ సరిపోతుంది.
* బోర్డుకు తగిన విద్యుత్ ఎడాప్టరు. నాలుగవ తరానికి 5 వోల్టులు, 3 ఆంపియర్లు. ఐదవ తరానికి 5 వోల్టులు, 5 ఆంపియర్లు. మామూలు ఫోను ఛార్జరు వాడితే వోల్టేజి పడిపోయి డిస్కు మధ్యలో విడిపోయే ప్రమాదం ఉంది.
* నిర్వాహక వ్యవస్థ కొరకు మైక్రో ఎస్‌డీ కార్డు.
* ఫైళ్ళ కొరకు యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ లేదా హార్డు డిస్కు. 3.5 అంగుళాల డిస్కుకు ప్రత్యేక ఎడాప్టరు ఉండాలి.
* రూటరుకు కలిపే ఈథర్నెట్ తీగ.

ఫైళ్ళను, డేటాబేసును ఎస్‌డీ కార్డులోనే ఉంచడం మంచిది కాదు. ఈ కార్డులు పరిమితమైన సార్లు మాత్రమే రాతను తట్టుకుంటాయి. డేటాబేసు నిరంతరం రాస్తూనే ఉంటుంది గనుక కార్డు త్వరగా పాడవుతుంది.

స్థాపన విధానం

1. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉపకరణంతో 64 బిట్ల రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్‌ను కార్డులోకి ఎక్కించాలి. వాడుకరిపేరు, సంకేతపదం, ఎస్ఎస్‌హెచ్ అనుమతి అప్పుడే నిర్ణయించుకోవచ్చు. 32 బిట్ల వ్యవస్థలో 2 జీబీ దాటిన ఫైళ్ళతో చిక్కులు వస్తాయి.

2. రూటరు అమరికలలో ఈ బోర్డుకు ఒక స్థిరమైన స్థానిక చిరునామా కేటాయించాలి. ఇది సాధారణంగా 192.168తో మొదలవుతుంది.

3. డిస్కును ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. విండోస్ కొరకు ఫార్మాట్ చేసిన డిస్కులో లినక్స్ అనుమతులు సరిగా నిలువవు. యంత్రం మొదలైన ప్రతిసారీ డిస్కు దానంతట అదే జతపడేలా, దాని విశిష్ట గుర్తింపు సంఖ్యతో నమోదు చేయాలి. పరికరం పేరు ఒకసారికి మరొకసారికి మారవచ్చు, ఈ సంఖ్య మారదు.

4. అపాచీ వెబ్ సర్వరు, పీహెచ్‌పీ, మరియాడీబీ డేటాబేసులను స్థాపించి, వాటిపై నెక్స్ట్‌క్లౌడ్‌ను ఉంచాలి. ఫైళ్ళ సంచయం వెబ్ సర్వరు బహిరంగంగా చూపే సంచయానికి వెలుపల, డిస్కుపై ఉండాలి. డేటాబేసులో నాలుగు బైట్ల యూనికోడ్ అమరికను ఎంచుకుంటే తెలుగు ఫైలు పేర్లే గాక ఎమోజీలు కూడా చెడకుండా నిలుస్తాయి.

5. బ్రౌజరులో బోర్డు చిరునామా తెరచి నిర్వాహకుని ఖాతా సృష్టించాలి. రోజువారీ వాడకానికి వేరే ఖాతాలు ఏర్పరచుకోవాలి.

6. నేపథ్య పనులు 5 నిమిషాలకొకసారి జరిగేలా క్రాన్ సదుపాయాన్ని అమర్చాలి.

ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా చేయలేనివారికి నెక్స్ట్‌క్లౌడ్‌పై అనే సిద్ధరూపం ఉంది. కానీ ఒకసారి స్వయంగా చేసి చూసినవారికి, తరువాత లోపం వచ్చినపుడు అది ఎక్కడున్నదో వెదకడం సులువు.

బయటినుండి అందుబాటు

ఇంటిలో పనిచేసిన సర్వరు బయటినుండి కనిపించకపోవడం ప్రారంభకులకు తరచు ఎదురయ్యే ఇబ్బంది. ఇంటర్నెట్ సంస్థలు అనేక ఇళ్ళకు కలిపి ఒకే బహిరంగ చిరునామాను ఇవ్వడం దీనికి ఒక కారణం. రూటరు చూపే బయటి చిరునామా 100.64 నుండి 100.127 వరకు ఉన్న శ్రేణిలో ఉంటే ఈ పరిస్థితి ఉన్నట్లే. అప్పుడు రూటరులో పోర్టులు తెరచినా ప్రయోజనం ఉండదు. సంస్థనుండి ప్రత్యేక చిరునామా కోరడం, ఐపీవీ6 వాడడం, బయటి సర్వరు ద్వారా సొరంగమార్గం ఏర్పరచడం ఇందుకు పరిష్కారాలు.

బహిరంగ చిరునామా ఉన్నవారికి రెండు మార్గాలున్నాయి. మొదటిది వైర్‌గార్డ్ వంటి వీపీఎన్. ఇందులో కుటుంబ సభ్యుల పరికరాలు తప్ప ఇతరులెవరూ సర్వరును చూడలేరు. రెండవది డొమైన్ పేరు తీసుకొని 80, 443 పోర్టులను తెరవడం. అప్పుడు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థనుండి ఉచిత ధ్రువపత్రం పొంది హెచ్‌టీటీపీఎస్ అమర్చుకోవాలి. ఈ ధ్రువపత్రాల గడువు స్వల్పం గనుక వాటి పునరుద్ధరణ యాంత్రికంగా జరగాలి. నెక్స్ట్‌క్లౌడ్ అమరికలలోని నమ్మదగిన డొమైన్ల జాబితాలో ఆ పేరు చేర్చకపోతే ప్రవేశం లభించదు.

భద్రత

అంతర్జాలానికి తెరచిన సర్వరుపై అపరిచితుల ప్రయత్నాలు మొదలవడానికి ఎక్కువ కాలం పట్టదు. పొడవైన సంకేతపదం, రెండంచెల ధృవీకరణ, సకాలంలో నవీకరణ తప్పనిసరి. నెక్స్ట్‌క్లౌడ్ ముఖ్య సంచికలను ఒకదాని తరువాత ఒకటిగానే ఎక్కించాలి, మధ్యలోది దాటవేయరాదు. ఏళ్ళ తరబడి నవీకరించని సర్వరును తాజా సంచికకు తేవడం అందువలననే శ్రమతో కూడిన పని. దొంగతనం భయమున్నవారు డిస్కు మొత్తాన్ని సంకేతీకరించవచ్చు.

నకళ్ళు

ఫోనులోని చిత్రాలు సర్వరుతో సమన్వయం అవుతున్నాయి గనుక అవి భద్రమే అనుకోవడం పొరపాటు. రెండువైపులా సమన్వయమయ్యే సంచయంలో ఒకచోట తొలగించిన ఫైలు రెండవచోట కూడా తొలగిపోతుంది. నెక్స్ట్‌క్లౌడ్ చెత్తబుట్ట సాధారణంగా తొలగించిన ఫైళ్ళను 30 రోజులు ఉంచుతుంది; స్థలం చాలకపోతే అంతకు ముందే తీసివేస్తుంది. డిస్కు చెడిపోతే చెత్తబుట్ట కూడా దానితోనే పోతుంది.

ముఖ్యమైన ఫైళ్ళకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాలపై, ఒకటి వేరే ఊరిలో లేదా వేరే ఇంటిలో ఉండాలన్నది ప్రసిద్ధమైన నియమం. నకలు తీసేటప్పుడు సర్వరును నిర్వహణ స్థితిలో ఉంచి, ఫైళ్ళు, డేటాబేసు, అమరికల సంచయం మూడింటినీ కలిపి తీయాలి. ఆ నకలునుండి ఫైళ్ళను తిరిగి తెచ్చి చూడనంతవరకు అది పనికివస్తుందని చెప్పలేము.

సర్వరు వివరాలు ఒక్కరికే తెలిసి ఉండడం మరొక ప్రమాదం. ఆ వ్యక్తి అనారోగ్యం పాలైనా, మరణించినా కుటుంబ చిత్రాలన్నీ ఇంటిలోనే ఉండి కూడా అందకుండా పోతాయి. సంకేతపదాలను, నకలు ఉన్న చోటును కాగితంపై వ్రాసి ఇంటిలో మరొకరికి తెలిసిన చోట భద్రపరచాలి.

విద్యుత్తు, వేగం

బోర్డు, డిస్కు కలిసి సగటున 8 వాట్లు వాడితే 30 రోజులకు సుమారు 5.8 యూనిట్లు ఖర్చవుతుంది. కరెంటు హఠాత్తుగా పోయినపుడు డేటాబేసు చెడిపోవచ్చు గనుక వేసవి కోతలు ఉండే ప్రాంతాలలో చిన్న యూపీఎస్ అవసరం.

బయటినుండి ఫైళ్ళను దించుకొనే వేగం ఇంటి కనెక్షను యొక్క ఎక్కింపు వేగాన్ని మించదు. ఎక్కింపు సెకనుకు 20 మెగాబిట్లు ఉంటే 100 జీబీ చేరడానికి 11 గంటలకు పైగా పడుతుంది. విదేశాలలోని పిల్లలతో పెళ్ళి వీడియోలు పంచుకోదలచినవారు ఈ లెక్కను ముందే చూసుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* రాస్ప్‌బెర్రీ పై
* స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు
* లినక్స్
* క్లౌడ్ కంప్యూటింగ్