దూదేకులవారి పరుపు

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో పత్తి పాత పంటే. ఆ దూదిని పరుపుగా మలిచే పని దూదేకులవారిది. నూర్‌బాషలని కూడా పిలిచే వీరు తెలుగు మాట్లాడే ముస్లింలు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో వీరి ప్రస్తావన ఉంది. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు ముడుమాల సిద్ధయ్య ఈ కులంవాడే.

విల్లులాంటి పెద్ద పనిముట్టు నారిని దూదికి ఆనించి చెక్కతో కొడతారు. ఆ అదురుకు గడ్డలు విడిపోతాయి, దుమ్ము రాలిపోతుంది. ఏకిన దూదిని గుడ్డసంచిలో సమంగా పరచి, దబ్బనంతో అక్కడక్కడ కుట్లు వేస్తారు. కుట్టు లేకుంటే దూది ఒక పక్కకు జరుగుతుంది. బూరుగ దూది మరీ మెత్తన, దిండ్లకే నయం.

వాడగా వాడగా నడుము ఆనేచోట గుంట పడుతుంది. అప్పుడు విప్పి, మళ్లీ ఏకించి, కావాలంటే దూది కలిపి కుట్టిస్తారు. నడుము నొప్పివారికి ఈ పరుపులోని అసలు మేలు ఇదే. అయితే కింద నులక మంచం సడలితే ఎంత మంచి పరుపైనా వృథా. కాళ్లవైపు తాడు లాగి బిగించాల్సిందే.

తర్వాత ఏకే యంత్రాలు వచ్చాయి, వాటి వెనుకే కొబ్బరిపీచు, ఫోమ్ పరుపులు. నడుము నొప్పికి గట్టి పడకే మందన్న నమ్మకం మాత్రం పోలేదు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్పెయిన్ పరిశోధన దాన్ని సవాలు చేసింది: దీర్ఘకాలపు నొప్పి ఉన్న 313 మందిలో గట్టి పరుపుకన్నా మధ్యస్థపు గట్టిదనం ఉన్నదే ఎక్కువ ఉపశమనమిచ్చింది.