చిన్నాన్న పరిచిన బాట

ఇటు జరగండర్రా, పొగ అటే పోతోంది. మిలటరీ మాధవరం పేరు విన్నారుగా, మన తాడేపల్లిగూడెం దగ్గర? ఆ ఒక్క ఊరి నుంచే మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్ళారు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకీ తగిలింది. మా చిన్నాన్న అలా వెళ్ళినవాడే. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. మద్రాసు సాపర్లలో చేరాడు. వాళ్ళకి తుపాకీ కంటే పారతోనే పని ఎక్కువ.

బర్మా పంపారు. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల వంతెన లేచింది. సరే, వంతెన దాకా సరుకు చేరాలిగా? తమూ నుంచి కలేవాకి ఉన్నది మట్టిబాట. ఎండితే దుమ్ము, తడిస్తే లారీ ఇరుసుదాకా దిగబడేది. అందుకని గోనెగుడ్డ తారులో ముంచి, ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పరుచుకుంటూ పోయారు. వంద మైళ్ళ పైచిలుకు! దాని మీద రోజుకి వెయ్యి బళ్ళు నడిచాయంటే నమ్ముతారా?

చిన్నాన్న ఆ అంచులు సర్దేవాడు. తారు పీపాల లారీ ఒకటి వెనక్కొస్తోంది. దుమ్ములో వంగి ఉన్న మనిషి డ్రైవరుకి కనపడలేదు. ఆ డ్రైవరు పంజాబీ కుర్రాడట, రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఇదంతా యుద్ధమయ్యాక చిన్నాన్న జతగాడొకడు వచ్చి చెప్పాడు.

తంతి వచ్చినప్పుడు నాయనమ్మ పప్పు విసురుతోంది. చదివి వినిపించాక కూడా చాలాసేపు తిరగలి పిడి వదల్లేదు. నాకప్పుడు ఏడేళ్ళు, పక్కనే ఉన్నాను.

పలకరించడానికొచ్చిన పెద్దమనిషొకాయన, "జపానువాడి చేతిలో పోయినా పేరుండేది, లారీ కింద పడ్డాడేమిటమ్మా" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ మంటే. ఆ బాట లేకపోతే ముందున్నవాళ్ళకి తిండెక్కడిది, గుండ్లెక్కడివి? మార్చిలో మండలే, మే నెలలో రంగూను చేజిక్కాయంటే ఆ గోనెగుడ్డ మీదుగా వెళ్ళిన సరుకుకీ అందులో వాటా ఉంది.

రంగూను దగ్గర టక్‌క్యాన్‌లో, దహనం చేసిన మనవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కారు. తూటాకి పోయినవాళ్ళు, జ్వరానికి పోయినవాళ్ళు, ఇలా పోయినవాళ్ళు అని తేడా పెట్టలేదు. మీలో ఎవరైనా అటు వెళ్తే ఆయన పేరు వెతకండర్రా. దొరికితే ఫొటో తీసి నాకు పంపండి.